రికార్డు నిండింది, రాయి మిగిలింది

మా మాచవరం ఉన్న పల్నాడు సున్నపురాతి సీమ. ఆ రాతిపై సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడితే బుసబుస పొంగుతుంది. డిగ్రీ ప్రయోగశాలలో మూడేళ్ళున్నాను. ఒక్క రాయి తెమ్మన్నవారు లేరు. సీనియరు రికార్డు చూసి రాశాను, తెలిసిన జవాబుకు తగినట్టు బ్యూరెట్ అంకెలు దిద్దాను, మార్కులు తెచ్చుకున్నాను. అది ప్రయోగమా, చూచిరాతా?

పరికరాలు లేవంటారు. బ్యూరెట్ ఉంది, ఆమ్లం ఉంది, రాళ్ళకు కొదవ లేదు. లేనిది ప్రశ్న. "మీ ఊరి రాతిలో కాల్షియం కార్బొనేట్ ఎంత శాతం? ఎలా కొలుస్తారో మీరే తేల్చండి" అనాలి. తూచిన పొడిని కొలిచిన ఆమ్లంలో కరిగించి, మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో కొలవవచ్చునని విద్యార్థే కనుక్కోవాలి.

2020 జాతీయ విద్యావిధానం అనుభవంతో నేర్పమంటోంది. మంచిదే. నిజాయితీగా వచ్చిన తప్పు అంకెకు మార్కులు వేయగలమా? వేయలేని చోట రికార్డులే మిగులుతాయి, శాస్త్రం మిగలదు. మీరేమంటారు?