తిప్పే ముందు తూకం చూడండి

వర్క్‌షాప్ వెనక, సైకిల్ స్టాండ్ పక్కన, టైర్లలో గాలి లేకుండా కూర్చున్న తెల్ల అంబాసిడర్‌ని మీరందరూ చూసే ఉంటారు. ఈ సెమ్‌లో దాన్ని బాగుచేద్దామని మెకానికల్ వాళ్ళు గ్రూపులో పోస్టర్ పెట్టారు. పోస్టర్‌లో రోటిసరీ డ్రాయింగ్ కూడా ఉంది. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట: గేటు బయట గ్రిల్ చికెన్ బండిలో ఊచకి గుచ్చిన కోడి తిరుగుతుంటుంది చూడండి, అదే పని కారు బాడీకి చేసే స్టాండు. ముందొకటి, వెనకొకటి రెండు కాళ్ళు, మధ్యలో బాడీ. వంగి, పడుకుని, తుప్పు కళ్ళల్లో పోసుకుంటూ కింద పని చేయక్కర్లేదు. ఫ్లోర్‌ని పక్కకి తిప్పుకుని నిలబడే వెల్డింగ్ చేయొచ్చు.

ఆలోచన మంచిదే. కానీ ఆ డ్రాయింగ్‌తో మాత్రం వద్దు. ఎందుకంటే దాదాపు అలాంటి డ్రాయింగే పోయిన వేసవిలో నేనూ గీశాను.

మా తాతయ్యది ప్రీమియర్ పద్మిని, 1986 మోడల్. ఇటలీ ఫియట్ 1100కి మన దేశంలో పెట్టిన పేరే పద్మిని. దీనికీ అంబాసిడర్‌కీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. కాబట్టి ఫ్లోర్ పుచ్చిపోతే బండి ఎముకలు పుచ్చినట్టే. మా బాబాయ్ ఊళ్ళో ఓ టింకరింగ్ షెడ్‌లో దింపించాడు. అక్కడి పద్ధతి పాత టైర్లు పరిచి, ఆరుగురు పట్టి బాడీని పక్కకి పడుకోబెట్టడం. నాకది మోటుగా అనిపించింది. థర్డ్ ఇయర్ పొగరు కదా. "మేస్త్రి గారూ, నేను స్టాండు గీసిస్తాను, మీరు వెల్డ్ చేయండి" అన్నాను. ఆయన డ్రాయింగ్ కాసేపు చూసి, "బంపర్ బోల్టుల కాడ పట్టుకుంటే పైబరువు అవుద్దేమో బాబూ" అన్నాడు. ఆ మాట నేను వినలేదు. అంటే చెవికి వినబడింది, బుర్రకి ఎక్కలేదు.

బంపర్ బ్రాకెట్లు బాడీలో కిందెక్కడో ఉంటాయి. టాపు, పిల్లర్లు, డ్యాష్ రేకు అన్నీ వాటికి పైన. నేను ఇరుసుని సరిగ్గా ఆ బోల్టుల ఎత్తులో పెట్టాను. అంటే గురుత్వ కేంద్రం ఇరుసుకి పైన నిలబడింది. పెన్సిల్‌ని మొన మీద నిలబెట్టినట్టు. ఇంజినూ తలుపులూ అద్దాలూ ట్యాంకూ తీసేసిన బాడీ బరువు 300 కిలోలు అనుకోండి. గురుత్వ కేంద్రం ఇరుసుకి 10 సెంటీమీటర్లు పైన ఉందనుకోండి. తొంభై డిగ్రీలు తిరిగేసరికి 30 కిలో-మీటర్ల మెలి వస్తుంది. ఇరుసు నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్న సిల్ దగ్గర దాన్ని ఆపాలంటే చేతిమీద 43 కిలోలు. అదీ కదలకుండా ఉంటే. వదిలేస్తే బాడీ పూర్తిగా తలకిందులయ్యేదాకా ఆగదు, 300 కిలోలు 20 సెంటీమీటర్లు కిందికి దిగుతాయి. ఒక సిమెంటు బస్తాని 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే ఎంత శక్తో అంత.

ఈ లెక్క నాకు రాక కాదు. ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌లో అస్థిర సమతాస్థితి బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. షెడ్‌లో వేసుకోలేదు, అంతే.

తిరగకుండా ఆపడానికి నేను పెట్టింది పైపుని బిగించే ఒక్క బోల్టు. రాపిడి మీద నమ్మకం. మూడో రోజు మధ్యాహ్నం షెడ్‌లో హెల్పర్ కుర్రాడు సిల్ పక్కన కూర్చుని తుప్పు గీకుతున్నాడు. గీకుడు అదురుకి బోల్టు జారింది. సిల్ వచ్చి వాడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆస్పత్రి ఖర్చు బాబాయ్ పెట్టుకున్నాడు. ఆరు వారాల కూలి గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. వాడికి నాకన్నా రెండు మూడేళ్ళు తక్కువ ఉంటాయి. నన్ను "సార్" అనేవాడు.

ఆ తర్వాత మేస్త్రి చెప్పినట్టు చేశాం. చైన్ బ్లాక్‌తో బాడీని ముందు ఒక కొక్కెం నుంచి ఎత్తి, ఆ కొక్కెం నుంచి తాపీమేస్త్రి తూకం గుండు వేలాడదీసి, దారం పోయిన దారిలో చాక్‌పీసుతో గీత. మళ్ళీ ఇంకో చోటు నుంచి ఎత్తి ఇంకో గీత. పక్కనుంచి చూస్తే రెండు గీతలూ కలిసే ఎత్తులో గురుత్వ కేంద్రం ఉంటుంది. ల్యాబ్‌లో అట్టముక్కతో చేశాం గుర్తుందా, రికార్డు కాపీ కొట్టినవాళ్ళకి గుర్తుండదు లెండి. ఇరుసుకీ బాడీకీ మధ్య నిలువు పట్టీ పెట్టి, దానికి వరసగా రంధ్రాలు వేశాం. బాడీని ఒక్కో రంధ్రం కిందికి దించుతూ తిప్పి చూశాం. మరీ దించితే ఊయలలా వెనక్కి వచ్చేస్తుంది, అదీ పనికిరాదు. ఏ కోణంలో వదిలినా అక్కడే ఆగిపోయే ఎత్తు ఒకటి దొరికింది. తర్వాత రెండు వేళ్ళతో తిప్పాను. ఆ క్షణం నాకు సంతోషం కలగలేదని చెప్తే అబద్ధం. సిగ్గు కూడా కలిగింది.

అక్కడితో అయిపోలేదు. పుచ్చిన ఫ్లోర్ కోసి తీసేశాక కింది బరువు తగ్గింది, గురుత్వ కేంద్రం మళ్ళీ పైకి జరిగింది. 300లో 20 కిలోలు ఇరుసుకి 35 సెంటీమీటర్ల కింద నుంచి పోతే రెండున్నర సెంటీమీటర్లు లేస్తుంది. కొత్త రేకు వేస్తే మళ్ళీ దిగుతుంది. అందుకే తూకం ఒక్కసారి చూసి వదిలేసేది కాదు. మీ పోస్టర్‌లో "స్టెప్ 3: బ్యాలెన్సింగ్" అని ఒక్క గడి పెట్టారు, నాకు మంట అక్కడే.

తలుపుల దారులకి అడ్డంగా చదరపు పైపులు కొట్టకుండా ఎక్కించడం ఇంకో తప్పు. రెండు చివర్ల మీద ఆనిన బాడీ ఓ దూలం లాంటిది. నిటారుగా ఉన్నప్పుడు సిల్ సాగదీయబడుతుంది, టాపు నొక్కుకుంటుంది, బోర్లించితే తారుమారు. సిల్ అసలే తుప్పుపట్టి ఉంటే తలుపు సందు మారిపోతుంది, కొత్త ఫ్లోర్ వెల్డ్ చేశాక ఆ వంకర అలాగే పట్టేస్తుంది. తర్వాత తలుపు ఎంత బాదినా పడదు. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే గీతలో లేకపోయినా ఇదే గొడవ, ప్రతి తిప్పుడుకీ బాడీని బట్ట పిండినట్టు పిండుతుంది.

కొంతమంది సీనియర్లు "మరీ భయపెట్టకు, యూట్యూబ్‌లో అందరూ చేస్తున్నారు" అంటున్నారు. చేస్తున్నారు, నిజమే. వాళ్ళ స్టాండుల్లో నిలువు సర్దుబాటు ఉంటుంది, రంధ్రాల ప్లేటులో దూర్చే లాక్ పిన్ను ఉంటుంది. మన డ్రాయింగ్‌లో ఆ రెండూ లేవు. రంగు మాత్రం రాశారు, ఎరుపని.

ఇంకో మాట. ఈ ప్రాజెక్టులో రేకులు కోసి తుప్పు గీకేది మనం కాదు. వర్క్‌షాప్ అటెండర్‌నీ, బయటి నుంచి పిలిచే వెల్డర్‌నీ దాని కింద నిలబెడతాం. మనం ఫొటోల్లో ఉంటాం. అందుకని నేనడిగేది ఒక్కటే: మొదటిసారి బాడీని తిప్పే రోజు గీసినవాళ్ళే సిల్ పక్కన ఉండాలి. ఉండనంటే డ్రాయింగ్ మీద వాళ్ళకే నమ్మకం లేదన్నమాట.

ఆదివారంలోపు డ్రాయింగ్ మారుస్తామంటే నేనూ వస్తాను. చైన్ బ్లాక్ ల్యాబ్‌లో ఉంది, తూకం గుండు నా దగ్గరుంది.