చెవిన పడితేనే నోట వస్తుంది



మన హాస్టల్లో పదో తరగతి దాకా తెలుగులో చదివి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళం మేము. అక్కడ పాఠం ఇంగ్లీషు, సెమినార్ ఇంగ్లీషు, వైవా ఇంగ్లీషు. జవాబు తెలిసీ నోరు విప్పక వెనుక బెంచీలో తల దించుకునేవాళ్ళు మాలో ఎందరో. మాట్లాడనివాడికి సబ్జెక్టే రాదనుకుంటారు. మార్కులూ అక్కడే పోతాయి.

మా నాయనలు ఓపెన్‌కాస్టుల్లో కాంట్రాక్టు కూలీలు. బడి ముఖం చూడనివాళ్ళు కూడా మస్టర్, షిఫ్టు, డంపర్, బ్లాస్టింగ్, ప్లేడే అని తడుముకోకుండా అంటారు. శ్రీరాంపూర్ బాయిల మీద ఈ మాటలు వాళ్ళకు పుస్తకం పెట్టి ఎవరు చెప్పారు? రోజూ విన్నారు, పనిలో వాడారు, వచ్చాయి. మనం మాత్రం ఏళ్ళ తరబడి గ్రామర్ రాశాం, ఇంగ్లీషు విన్నది లేదు.

అందుకే మేము కొందరం పాడ్‌కాస్టుల దారి పట్టాం. పేరు కొత్తదే గాని పద్ధతి పాతది. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లోనే సుమారు 1500 మాటలతో, నిదానంగా చదివే స్పెషల్ ఇంగ్లీష్ ప్రసారాలు మొదలుపెట్టింది. మాకు బాగా పనికొచ్చింది బీబీసీ వారి సిక్స్ మినిట్ ఇంగ్లీష్. ఇద్దరు మాట్లాడుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న వేసి జవాబు చివర్లో చెబుతారు. ఆరు మాటలు నేర్పుతారు. ఫీజు లేదు. మాటలన్నీ రాతలోనూ దొరుకుతాయి. ముందు చూడకుండా వినాలి, తర్వాత చదువుతూ వినాలి, మూడోసారి వాళ్ళతోపాటు పైకి అనాలి. ఈ మూడోదే సిగ్గుపడి వదిలేస్తాం. అసలు ఫలితం దానిలోనే ఉంది.

లండన్ యాస అర్థం కాలేదని భయపడొద్దు. ఆకాశవాణి తెలుగు వార్తలు విని, వెంటనే ఇంగ్లీషు వార్తలు వినండి. సంగతి ముందే తెలుసు గనుక మాటలు చిక్కుతాయి. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అనే వీడియోలు చాలామంది చూస్తారు. వాటిలో గంటసేపు వినేది తెలుగే!

అయితే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కరే వింటే నోరు తిరగదు. విన్నది ఎదుటివాడికి చెప్పాలి. ఆ వసతి యూనివర్సిటీలో అద్దె గదిలో ఉన్నవాడికి లేదు, మన హాస్టల్లో ఉంది. ఒక గదిలో ఇరవై మంది ఉంటారు!

వార్డెన్ గారికి మా విన్నపం ఒక్కటే. రాత్రి స్టడీ అవర్లో అరగంట దీనికి ఇవ్వండి. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు, అక్కలు శాలువాల ఖర్చు మాని ఒక స్పీకర్ కొనివ్వండి. నెట్ లేకున్నా ఫర్వాలేదు, వారం వారం పాఠాలు పెన్‌డ్రైవ్‌లో వేసి మేము పంపుతాం.