పది రోజుల అతిథులకూ ఒక నియమం రాయండి

పరమ పూజ్య జగద్గురువులు పద్నాలుగవ లియో గారికి,

పల్నాటి మెట్ట పల్లె నుంచి ఒక విచారణ (పారిష్) సభ్యుడు వందనాలతో రాసుకుంటున్న విన్నపం.

మా మేత్రాణులకు (బిషప్పుకు) రాయకుండా నేరుగా మీకే రాయడానికి కారణం ఉంది. 2022లో ఫ్రాన్సిస్ పోపుగారు తెచ్చిన పాలనా నిబంధనలతో సువార్తా ప్రచార శాఖకు జగద్గురువులే స్వయంగా అధిపతి అయ్యారు. మా తెలుగు మేత్రాసనాలు ఆ శాఖ కిందికే వస్తాయి. కాబట్టి ఇది మీ బల్ల మీదికి రావాల్సిన కాగితమే.

మా ఊరివాడైన ఒక ఫాదరుగారు అమెరికాలో విచారణ గురువుగా ఉన్నారు. ఇందులో వింతేమీ లేదు. గుంటూరు, నెల్లూరు, ఏలూరు, కడప మేత్రాసనాల నుంచి వెళ్లి అక్కడి చిన్న చిన్న ఊళ్లలో పూజ సమర్పిస్తున్న తెలుగు గురువులు చాలామందే ఉన్నారు. ఆయన ప్రసంగాల్లో మా ఊరి పేరు వినీ వినీ, అక్కడి విచారణవాళ్లకు మమ్మల్ని చూడాలనిపించింది. మిరపకోతల రోజుల్లో పదీ పన్నెండు మంది వస్తారు, పది రోజులుంటారు, వెళ్తారు. దాన్ని మిషన్ ట్రిప్ అంటారు. మంచివాళ్లు. ఎండకు ముఖాలు కందిపోయినా విసుక్కోరు, ఏది పెడితే అది తింటారు, పూజలో మాకంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉంటారు. వాళ్ల మీద చాడీలు చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

కానీ అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు ఏదో ఒక పని చూపించాలి గదా. మా తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఒకసారి బడి ప్రహరీకి రంగు వేస్తామన్నారు. సరేనన్నాం. పాత సున్నం గీకలేదు, ప్రైమర్ కొట్టలేదు, నేరుగా నీలం ఎమల్షన్ పూసేశారు. మా విచారణలోనే పెయింటింగ్ పనివాళ్లు నలుగురున్నారు. పనిలేని ఇద్దరు ఆ వారమంతా వేపచెట్టు కింద కూర్చుని చూశారు. ఒకతను ఉండబట్టలేక లేచి వెళ్లి, బ్రష్ ఎట్లా పట్టుకోవాలో చూపించబోయాడు. అప్పుడు ఎవరో తీసిన ఫోటో వాళ్ల గుడి పత్రికలో వచ్చింది, స్థానిక యువకుడికి పని నేర్పుతున్న బృందం అని రాసి. అతను దాన్ని ఫోనులో దాచుకుని ఇప్పటికీ చూపించి నవ్విస్తుంటాడు. వానాకాలం వచ్చేసరికి రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మళ్లీ గీకి వేసింది ఆ ఇద్దరే, కూలి ఇచ్చింది విచారణ. వచ్చినవాళ్లలో ఒక్కరి విమాన టికెట్టు డబ్బుతో ఆ బడి లోపలా బయటా నికరంగా రంగు వేయించి ఉండొచ్చు.

ఇంకోసారి వైద్య శిబిరం పెట్టారు. బీపీ చూశారు, సుగర్ చూశారు, నెలకు సరిపడా బిళ్లలిచ్చారు. నెల తరువాత ఆ బిళ్లల పేరు మా మెడికల్ షాపువాడికి తెలియలేదు. ఇద్దరు ముసలమ్మలు, ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇచ్చే మాత్రలు మానేసి అమెరికా బిళ్లల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. వాళ్లను బతిమాలి మళ్లీ పాత మందుల్లో పెట్టడానికి మా కన్యస్త్రీకి తలప్రాణం తోకకొచ్చింది. విదేశీ డాక్టరు ఇక్కడ రోగిని చూడాలంటే వైద్య మండలి నుంచి తాత్కాలిక అనుమతి ఉండాలని కూడా మాకు తరువాతే తెలిసింది.

మాకు భయం వేసేది మాత్రం సాయంత్రం ప్రార్థనల దగ్గర. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు పూజకు రావచ్చు గానీ ప్రచారం చేయకూడదు. ఈ దేశంలో దానికి మిషనరీ వీసా వేరే ఉంది. వాళ్లకిది తెలియదు, తెలిసినా పట్టింపు ఉండదు. ఉత్సాహం పట్టలేక ఒకాయన వీధి మధ్య నిలబడి సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే మా గుండెలు జారిపోయాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆయన అప్పటికే విమానంలో ఉంటాడు. స్టేషనుకు వెళ్లి జవాబు చెప్పుకోవాల్సింది ఇక్కడి విచారణ గురువూ, ఉపదేశీనూ. డబ్బు సంగతీ అంతే. విదేశీ సొమ్ము తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తరువాత అది ఢిల్లీలో ఒకే ఒక్క బ్యాంకు శాఖలోని ఖాతాలో పడాలి. వీళ్లేమో వెళ్లేరోజు గుడి రిపేరుకని కవరులో నోట్లు పెట్టి ఇస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు.

ఇదంతా రాశాక ఒక మనిషి గురించి రాయకపోతే అన్యాయమవుతుంది. రిటైరైన ఒక పెద్దావిడ రంగుల పనికి మోకాళ్లు సహకరించవని, మా వీధి ఆడవాళ్లతో కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది. మధ్యాహ్నానికి చేతులు భగ్గున మండాయి. తెలియక కళ్లు నులుముకుంది. మావాళ్లు మజ్జిగ పోసి చేతులు కడిగి, కొబ్బరినూనె రాసి పడుకోబెట్టారు. మర్నాడు మళ్లీ వచ్చింది. బస్తా తొడిమలు తీస్తే ఎంతిస్తారని సైగలతో అడిగి తెలుసుకుంది. ఆ బృందంలో మా కూలి రేటు అడిగింది ఆవిడొక్కతే. ఇప్పటికీ మా వీధివాళ్లు పేరుపెట్టి తలచుకునేది ఆవిడనే.

మీరు పుట్టి పెరిగిన షికాగో దగ్గరే, 1968 ఏప్రిల్‌లో, ఇవాన్ ఇల్లిచ్ అనే గురువు ఒక సభలో మాట్లాడారు. సెలవులకు మెక్సికో పల్లెల్లో సేవ చేయడానికి వెళ్లే కథోలిక విద్యార్థులు అందులో శ్రోతలు. చూడ్డానికి రండి, చదువుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దని ముఖం మీదే చెప్పారాయన. అప్పటికి మీకు పన్నెండేళ్లు. ఆయన మాటలో సగమే నేను ఒప్పుకుంటాను. వియన్నాలో పుట్టిన ఆయన కూడా మెక్సికోకు బయటివాడే. మా గుళ్లు కట్టినవాళ్లూ బయటివాళ్లే. 1855లో ఇటలీ నుంచి హైదరాబాదు చేరిన పీమే సభ గురువులు, ఫిరంగిపురంలో డిక్‌మన్ ఫాదరు, 1924లో గుణదల కొండ మీద మరియమాతను నిలిపిన అర్లాటి ఫాదరు. వాళ్లు రాకపోతే ఈ ఉత్తరం రాసేవాడే లేడు. రావద్దనే మాట మా నోట రాదు.

అడిగేది ఇంతే. 2001లో మీ శాఖే ఒక నిర్దేశ పత్రం ఇచ్చింది. మిషన్ ప్రాంతాల గురువులు విదేశాలకు వెళ్లడం గురించి. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లు ఉంటారు, ఎవరి బాధ్యత అన్నది ఇద్దరు మేత్రాణులు ముందుగా ఒప్పందం చేసుకోవాలని. మా ఫాదరుగారు అక్కడికి వెళ్లడానికి ఆ కాగితం కావాలి. అక్కడివాళ్లు గుంపుగా మా ఊరికి రావడానికి టికెట్టు ఉంటే చాలు. ఆ రెండో వైపుకూ ఒక కాగితం రాయించండి. ఏ పని కావాలో పిలిచే ఊరు చెప్పాలి, చెప్పేవాళ్లలో ఆడవాళ్లూ ఉండాలి. ఊళ్లో కూలికి దొరికే పనిని వచ్చినవాళ్లు ఊరికే చేయకూడదు. వైద్యమైతే ఇక్కడి కన్యస్త్రీల ఆసుపత్రి ద్వారానే జరగాలి. ఒకసారి ఒక ఊరికి వస్తే కనీసం ఐదేళ్లు ఆ ఊరితోనే సంబంధం ఉంచుకోవాలి. మావాళ్లకూ అక్కడికి వెళ్లే దారి ఉండాలి. వాళ్లు పిలిచారని మా ఉపదేశి ఆహ్వాన పత్రం, పొలం పాసుబుక్కు పట్టుకుని వీసాకు వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా పల్లెపల్లెకూ తిరిగి జపాలు నేర్పిన మనిషిని రెండు ప్రశ్నలడిగి వెనక్కి పంపారు. వీసాలు మీ చేతిలో లేవని తెలుసు. అక్కడి మేత్రాణులు తమ సొంత పూచీ మీద ఉత్తరం ఇవ్వాలన్న నియమం పెట్టడం మీ చేతిలో ఉంది.

మీరు 1985లో పెరూలోని చులుకానాస్‌కు వెళ్లారు. 1988 నుంచి దశాబ్దం పాటు ట్రుహీయోలో ఉన్నారు. ఆ దేశ పౌరసత్వమే తీసుకుని చిక్లాయో మేత్రాణులయ్యారు. 2025 మే 8 రాత్రి టీవీలో, ఇటాలియన్ మాట ఆపి స్పానిష్‌లో చిక్లాయో జనాన్ని మీరు పలకరిస్తే, మాకు భాష తెలియకపోయినా సొంతవాళ్లను పిలుస్తున్నారని అర్థమైంది. అందరూ అంతకాలం ఉండలేరు. అక్కడా ఉద్యోగాలు, పిల్లలు, ఇంటి అప్పులు ఉంటాయి. పది రోజులే ఉండేవాళ్లు ఎట్లా ఉండాలో చెప్పడానికి అన్నేళ్లు ఉండి వచ్చిన మీకంటే తగినవారు ఎవరు?

వచ్చే ఏడాది బృందానికి ఏ పని సిద్ధం చేస్తారని అడుగుతూ ఒక ఫారం వచ్చింది. గోడలకు రంగు, వైద్య శిబిరం, పిల్లల క్యాంపు అని మూడు గడులున్నాయి. మా విచారణ మండలి ఇంకా ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. కింద ఖాళీగా ఉన్న చోట మా మాట రాసి క్రిస్మస్ లోపల పంపాలని అనుకున్నాం. ఈలోగా మీ శాఖ నుంచి ఒక్క పేజీ వచ్చినా దాన్ని జతచేస్తాం.

ఇట్లు,
పల్నాడు నుంచి ఒక విచారణ సభ్యుడు