అధ్యక్షుని పత్రములు ఎవరి సొత్తు?

పదవి విడుచు దేశాధిపతి ప్రభుత్వ భవనమందలి కుర్చీలను ఇంటికి గొనిపోవుటకు ఎవ్వరును సమ్మతింపరు. అమెరికా సంయుక్త రాష్ట్రములందు మాత్రము అధ్యక్షులు రాజ్యకార్యముల పత్రములను చిరకాలము స్వంత సొత్తువలెనే గొనిపోవుచుండిరి. 1865లో హతుడైన లింకను పత్రములు, ఆయన కుమారుడు విధించిన గడువు తీరి, 1947లో గాని చదువరులకు లభింపలేదు!

ఈ యాచారమును మార్చినవాడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు. హైడుపార్కునందు చందాలతో భవనము కట్టించి, తన పత్రములతోకూడ ప్రభుత్వమునకు అప్పగించెను. 1941లో అది ప్రజలకు తెరువబడెను. మెచ్చదగినదే, ఐనను అది దానము, దాత యిచ్ఛకు లోబడినది. నిక్సను తన సంభాషణల నాదముద్రికలను తన వశమున నుంచుకొన జూచిన పిమ్మటనే ఆ దేశపు శాసనసభ మేల్కొనెను. 1981 నుండి అధ్యక్షుని యధికార పత్రములు ప్రజలవేయని 1978లో శాసించెను.

ఇది మనకేల యందురా? 1942 ఏప్రిలులో క్రిప్సు రాయబారము విఫలము కాగా, ఆయన ప్రయాణము నాపి, జాతీయ ప్రభుత్వ స్థాపనకు మరియొకసారి యత్నింపుడని రూజ్వెల్టు చర్చిలునకు తంతి పంపెను. చర్చిలు వినలేదు. మన యెరుకలేక మనలను గూర్చి సాగిన ఆ సంభాషణ హైడుపార్కు భాండారమున భద్రముగ నున్నది, ఎవరైన చదువవచ్చును.

మన తీన్‌మూర్తి భవన గ్రంథాలయమునకు నాయకుల స్వంత పత్రములు నేటికిని వారసుల దాతృత్వము వలననే చేరుచున్నవి. 1993 నాటి చట్టము ప్రభుత్వ కార్యాలయముల దస్తావేజులకు మాత్రమే వర్తించును. ప్రధానమంత్రి లేఖలలో స్వంతమేది, రాజ్యముది యేది యను నిర్ణయము పార్లమెంటు చేయవలసియున్నది; వారసులకు విడువదగదు.