అమ్మకు బాకీ ఉన్న సమాధానం

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు కొట్టగానే మన ఫోన్లు ఎలా మోగుతాయో తెలుసు కదా. గ్రూపుల నిండా కేకులు, స్టిక్కర్లు, ఫార్వర్డ్ మెసేజ్‌లు. వాటన్నిటి అడుగున ఒక వాయిస్ మెసేజ్ ఉంటుంది. అమ్మది. రెండే ముక్కలు: "మంచిగున్నవా బిడ్డా? తిన్నవా?" రేపు చేద్దాంలే అనుకుంటాం.

నేనూ అలాగే అనుకునేవాణ్ణి, గడ్డపోతారంలో ఉన్నప్పుడు.

అక్కడ ఒక మందుల కంపెనీలో హెల్పర్‌గా చేసేవాణ్ణి. ఒక ఏడాది సరిగ్గా డిసెంబర్ 31నే నైట్ షిఫ్ట్ పడింది. సాల్వెంట్లు వాడే చోటికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. చిన్న నిప్పురవ్వ చాలు, పెద్ద ప్రమాదానికి. అందుకే గేటు దగ్గర లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లాలి. అదే సమయానికి అమ్మ ఊళ్లో చర్చిలో వాచ్ నైట్ ఆరాధనలో ఉంది. పొద్దున బయటికొచ్చి ఫోన్ చూస్తే 17 మిస్డ్ కాల్స్. రాత్రంతా నిద్ర లేదు, తల పగిలిపోతోంది. ఫోన్ చేసి కసిరేశాను. "డ్యూటీల ఉంటనని తెల్వదా? ఎన్నిసార్లు చేస్తవమ్మా?"

అటునుంచి కోపం రాలేదు. "సరే బిడ్డా, నీ గొంతు విన్న. సాలు" అని పెట్టేసింది.

సారీ చెప్దామనుకున్నాను. రోషం అడ్డొచ్చింది, చెప్పలేదు. ఆ 'సాలు' అనే మాట అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

చర్చికి వెళ్లే అలవాటు లేని ఫ్రెండ్స్ కోసం ఒక మాట. మామూలు తెలుగులో 'శాంతి' అనే దాన్ని మా తెలుగు బైబిల్లో ఎక్కువచోట్ల 'సమాధానం' అంటారు. క్రీస్తు పుట్టిన రాత్రి దేవదూతలు గొర్రెల కాపరులకు చెప్పింది ఈ సమాధానం గురించే. సండే స్కూల్లో నాకిది తమాషాగా ఉండేది. బడిలో సమాధానం అంటే ప్రశ్న కింద రాసే జవాబు, చర్చిలో ఏమో మనసుకు నెమ్మది! రెండూ ఒకటెలా అవుతాయి?

రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్న అమ్మను అడగండి, చెబుతుంది. జవాబు వస్తేనే ఆమెకు నెమ్మది.

కొత్త ఏడాది మొదటి రోజుకు క్యాథలిక్కులు ఇచ్చిన స్థానం చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. క్రిస్మస్ నుంచి లెక్కపెడితే ఎనిమిదో రోజు, జనవరి 1, మరియమాతను దేవుని తల్లిగా స్మరించుకునే పండుగ. అదే రోజును ప్రపంచ శాంతి దినంగా పాటించాలని అప్పటి పోప్ ఆరో పౌలు పిలుపునిచ్చారు. 1968 నుంచి పాటిస్తున్నారు. అంటే తల్లికీ శాంతికీ ఒకే తేదీ! మేం ప్రొటెస్టెంట్లం, మా ఇంట్లో జపమాల లేదు. అయినా ఆ తల్లి కథ దగ్గరికొచ్చేసరికి మాకూ వాళ్లకూ తేడా ఏముంటుంది?

క్యాలెండర్ బొమ్మల్లో మరియ ఎప్పుడూ నీలం బట్టల్లో, ప్రశాంతంగా ఉంటుంది. లూకా సువార్త చదివితే వేరే మనిషి కనిపిస్తుంది. నిండు నెలలతో జనాభా లెక్క కోసం బేత్లెహేముకు ప్రయాణం. సత్రంలో చోటు లేక, పసిబిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. మత్తయి సువార్త ప్రకారం ఆ తర్వాత ప్రాణభయంతో ఐగుప్తుకు వలస. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి, గడ్డపోతారంలో ఒక్క గదిలో బిడ్డను పెంచుకుంటున్న అమ్మకు ఈ కథను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా చర్చిల్లో వినయాన్ని 'తగ్గింపు' అంటారు. తగ్గింపు అంటే నోరు మూసుకుని ఉండటం అని చాలామంది అనుకుంటారు. మరియ నోరు మూసుకోలేదు. ఇదెలా సాధ్యమని దేవదూతనే అడిగింది. యేసుకు పన్నెండేళ్లప్పుడు యెరూషలేములో తప్పిపోతే, మూడో రోజుకు గుడిలో దొరికాడు. మమ్మల్ని ఎందుకిలా కంగారుపెట్టావని నిలదీసింది. కొడుకు చెప్పిన జవాబు ఆమెకు అర్థం కాలేదు. అయినా దాన్ని మనసులో దాచుకుంది. నాకు తగ్గింపు అంటే అదే అనిపిస్తుంది: అర్థం కానప్పుడు అడగడం, అర్థం కాకపోయినా మనిషిని వదులుకోకపోవడం.

కొడుకు కోసం మూడు రోజులు వెతికిన తల్లి అనగానే ఇప్పుడు నాకు పాశమైలారం గుర్తొస్తుంది. 2025 జూన్ 30న అక్కడ ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్ట చేతబట్టుకుని ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. వాళ్ల కుటుంబాలు డీఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చి, రోజుల తరబడి ఒక్క జవాబు కోసం ఎదురుచూశాయి. మరియకు మూడో రోజుకైనా బిడ్డ దొరికాడు. ఇక్కడ కొందరికి కడసారి చూపు కూడా దక్కలేదు.

అందుకే మన పారిశ్రామికవాడలో సమాధానం అంటే కళ్లు మూసుకుంటే వచ్చేది మాత్రమే కాదు. అలారం మోగితే పని ఆపడం సమాధానం. లోపల ఎవరెవరున్నారో, కాంట్రాక్ట్ కూలీతో సహా, ప్రతి పేరూ గేటు రిజిస్టర్‌లో ఉండటం సమాధానం. "సార్, ఇక్కడ ఏదో తేడాగుంది" అని ఒక హెల్పర్ అంటే, పెద్ద సారు ఆగి వినడం సమాధానం. ఇక్కడ తగ్గింపు నేర్చుకోవాల్సింది హెల్పర్ కాదు, ఆ సారు.

ఆ సారు సంగతి మన చేతుల్లో లేకపోవచ్చు. మన ఫోన్ మన చేతుల్లోనే ఉంది.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని, కసిరినందుకు తప్పయిందని చెప్పాను. "ఎప్పటి ముచ్చటరా అది" అని నవ్వేసింది. మరిచిపోలేదని నాకు తెలుసు. తర్వాత నైట్ షిఫ్ట్ పడినప్పుడల్లా, ఫోన్ లాకర్‌లో పెట్టే ముందు ఒక వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి: "లోపలికి పోతున్న అమ్మా. పొద్దున ఆరున్నరకు చేస్త."

వాచ్ నైట్ అయ్యాక మా చర్చిలో వాగ్దాన కార్డులు తీస్తారు. ఆ ఏడాదికి మనకంటూ ఒక వాక్యం. అమ్మ ఇప్పటికీ తన కార్డు తీసుకున్నాక, నా పేరు మీద ఇంకోటి తీసి దాచిపెడుతుంది. దానికి బదులుగా నేనిచ్చే వాగ్దానం చిన్నదే. ఆరున్నరకు చేస్తానంటే, ఆరున్నరకు చేస్తాను.