అడగడం పొగరు కాదు



ఈరోజు పంటల ముచ్చట కాదు, పిల్లల ముచ్చట. కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

మన ఊళ్లల్లో మంచి పిల్లలంటే ఎవరు? నోరెత్తనోళ్లు. "మావోడు బంగారం, ఎంత తిట్టినా తలొంచుకుని పోతడు" అని గొప్పగా చెప్పుకుంటం. ఎందుకని అడిగిన పిల్లను మాత్రం "పెద్దలకే ఎదురు చెప్తున్నవా" అని గద్దిస్తం. ఎదురు తిరగడం వేరు, ఉన్న మాట అడగడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి పిల్లల నోళ్లు మనమే కట్టేస్తున్నం.

అడగకపోతే ఏం నష్టమో మనకంటే బాగా ఎవరికి తెలుసు? కాంటా కాడ బస్తాకు ఇంత తరుగు అని కోస్తుంటే ఎందుకని అడగం. విత్తనాలు కొని బిల్లు అడగం, తెలిసిన సేటే కదా అని మొహమాటం. రేపు మొలక రాకపోతే చేతిల కాగితం ఉండదు, ఏం చూపించి నష్టం అడుగుతం? ఎరువులు కొన్నోళ్లకు డీలరు బిల్లు ఇవ్వాల్సిందేనని 1985 ఎరువుల కంట్రోల్ ఆర్డర్‌లోనే ఉంది. హక్కు ఉంది, అడిగే నోరే లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదని పెద్దలు ఊరికే అనలేదు.

అట్లని పిల్లలకు అరవడం నేర్పమంటలేను. కూలికి వచ్చిన ముసలాయనను పదేండ్ల పిలగాడు పేరు పెట్టి "ఒరేయ్" అంటే, ఎంత హుషారో అని మురిసే ఇండ్లు ఉన్నయి. అది ధైర్యం కాదు, అహంకారం. సర్పంచితో ఎట్ల మాట్లాడుతడో ఆ తాతతోనూ అట్లనే "మీరు" అని మాట్లాడాలె. తన మాట చెప్పాలె, ఎదుటోళ్ల మాట పూర్తిగా వినాలె. నోరు మంచిదైతే ఊరు మంచిది.

దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. దుకాణానికి పంపినప్పుడు "అంకుల్, బిల్లు ఇవ్వండి" అని వాళ్లనే అడగనియ్యండి. గొంతు పెంచొద్దు, తల దించొద్దు. బడిలో లెక్క తెలవకుంటే "సార్, ఇంకొక్కసారి చెప్పండి" అనమనండి. బడిలో పిల్లలను కొట్టొద్దని, మనసు నొచ్చేటట్టు వేధించొద్దని 2009 విద్యా హక్కు చట్టం చెప్తుంది. ఇంట్ల మనం కొడుతుంటే, బడిలో దెబ్బలు తిన్న పిల్ల వచ్చి మనకేం చెప్పుకుంటది?

ఈసారి పత్తి పెడదామా, మక్క పెడదామా అని మాట్లాడుకునేటప్పుడు పిల్లలనూ పక్కన కూసోబెట్టుకోండి. వాళ్లు చెప్పింది కుదరకపోతే ఎందుకు కుదరదో చెప్పండి. కాదన్నా సరే, విన్నరన్న నమ్మకం వాళ్లకు మిగులుతది.

ఇంకోటి అన్నిటికంటే ముఖ్యం. ఆడపిల్లయినా మగపిల్లాడైనా, చుట్టమే అయినా సరే, ఎవరన్నా ముట్టుకునుడు నచ్చకపోతే "వద్దు" అని గట్టిగ చెప్పాలె. మన దగ్గరికొచ్చి చెప్తే పరువు పోతదని నోరు మూయించొద్దు, ముందు నమ్మండి. పిల్లల సాయానికి 1098 నంబరు ఉంది, డబ్బులు పడవు. పిల్లలతో కంఠతా పట్టించండి.

"ఇట్ల పెంచితే రేపు మననే ప్రశ్నిస్తరు కదా" అంటరు కొందరు. ప్రశ్నించనియ్యండి. మనది తప్పయితే దిద్దుకుందాం, వాళ్లది తప్పయితే కారణం చెప్దాం. మన ముందు మర్యాదగా అడగడం అలవాటైన పిల్లలే రేపు బ్యాంకుల, ఆఫీసుల, అత్తగారింట్ల తమ మాట తాము చెప్పుకోగలుగుతరు. ఇంట్ల పెగలని గొంతు బయట ఎట్ల పెగులుతది?

మీరేమంటరో చెప్పండి. నాతో ఒప్పుకోనోళ్లు కూడా చెప్పండి, వింట.