దాచిన లెక్కలతో అంచనాలా?

1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మచ్చల రెక్కల దోమలతో కుట్టించుకున్నాడు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టజెప్పింది సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. అలా నెత్తురు తాగిన ఒక దోమను ఆగస్టు 20న కోసి చూస్తే, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమి కనిపించింది. ఇంతవరకూ మనం బడిలో చదువుకున్నదే. ఆ తర్వాత రాస్ చేసిన పని గురించే మనకు పెద్దగా తెలియదు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదు కనుక మలేరియాను ఆపలేమన్న వారికి ఆయన లెక్క కట్టి జవాబిచ్చారు. దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు చేరితే చాలు, చివరి దోమ చావకపోయినా జబ్బు తగ్గిపోతుందని సమీకరణాలతో చూపించారు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు అంటువ్యాధులన్నిటికీ వర్తించే సిద్ధాంతం రాసినప్పుడు, దాన్ని సరిచూసుకున్నది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో. అంటువ్యాధులను లెక్కగట్టే ఈ శాస్త్రం మన నేల మీద జ్వరపడిన వారి నెత్తురుతో, మన చావుల లెక్కతో ఎదిగింది. ఆ లెక్కలనే మన ప్రభుత్వాలు ఇవాళ బయటపెట్టడానికి వెనకాడుతున్నాయి. ఈ పద్ధతి మారి తీరాలి.

కోవిడ్ కాలంలో గణిత నమూనాలు విఫలమయ్యాయని, వాటిని నమ్మి మోసపోయామని చాలామంది అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. తుపాను హెచ్చరిక విని తుపాను దారి మార్చుకోదు. హుద్‌హుద్ విశాఖకు వస్తుందన్నారు, వచ్చింది. అంటువ్యాధి అలా కాదు. హెచ్చరిక విన్న జనం ఇళ్లలో ఉండిపోతే, మాస్కులు కట్టుకుంటే జబ్బు దారే మారుతుంది. 2014లో ఎబోలా పశ్చిమ ఆఫ్రికాను వణికిస్తున్నప్పుడు, ఏ చర్యా తీసుకోకపోతే 2015 జనవరి కల్లా లైబీరియా, సియెరా లియోన్లలో కేసులు 14 లక్షల దాకా వెళ్లవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కగట్టింది. చివరకు పశ్చిమ ఆఫ్రికా మొత్తం మీద నమోదైనవి సుమారు 28,600. చికిత్సా కేంద్రాలు లేచాయి, అంత్యక్రియల తీరు మారింది, ఊళ్లు ఊళ్లే జాగ్రత్తపడ్డాయి. అంచనా ఇలా తప్పిపోవడమే ఆ హెచ్చరిక సాధించిన విజయం.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. 2020 అక్టోబరులో కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ కోవిడ్ ఉధృతి దాటిపోయిందని, జాగ్రత్తలు ఇలాగే కొనసాగితే ఫిబ్రవరికల్లా వ్యాధి బాగా సద్దుమణుగుతుందని చెప్పింది. ‘జాగ్రత్తలు కొనసాగితే’ అన్న ముక్క గాలికి పోయి, ‘సద్దుమణుగుతుంది’ అన్నదే మిగిలింది. 2021 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రి మహమ్మారి ఆఖరి ఘట్టంలో ఉన్నామని ప్రకటించారు. సరిగ్గా రెండు నెలలకు, మే 6న, ఒక్కరోజులో 4.14 లక్షల కొత్త కేసులు. ఆక్సిజన్ సిలిండరు కోసం మనుషులు పరుగులు తీసిన ఆ రోజులు ఏ తెలుగు ఇల్లూ మరచిపోలేదు. షరతుతో చెప్పిన అంచనాను హామీగా ప్రచారం చేసిన పాలకులదే ఇందులో పెద్ద తప్పు.

అంచనాకు ముడిసరుకు ఎంత కచ్చితంగా ఉండాలో చూడండి. వెయ్యి మంది రోగులతో మొదలుపెడదాం. ప్రతి పదిమందీ మరో పదకొండు మందికి అంటిస్తుంటే, ఇరవై విడతలకు కొత్త రోగులు దాదాపు 6,700 మంది. పదకొండు కాక పన్నెండు మందికి అంటిస్తే? 38 వేలు దాటుతారు. పదిమంది దగ్గర ఒక్క మనిషి తేడా వస్తే ఆసుపత్రి పడకల దగ్గర అది ఆరింతలవుతుంది. ఆ ఒక్క మనిషిని పట్టుకోవాల్సింది సమీకరణం కాదు, గడపలో నిలబడి ‘ఇంట్లో ఎవరికైనా జ్వరమా, దగ్గా?’ అని అడిగి రాసుకునే ఆశా కార్యకర్త. 2021 మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే చేసింది వాళ్లే, ఎండలో, ప్రాణాలకు తెగించి. అలా రాసిన అంకె పరిశోధకుడి బల్ల మీదకు చేరకపోతే ఆ శ్రమకు విలువేముంది?

చేరలేదనే శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. 2021 ఏప్రిల్ చివర్లో, శ్మశానాల ముందు వరుసలు కట్టిన వారంలోనే, పరీక్షల వివరాలు మాకు అందుబాటులో ఉంచండంటూ వందలాది మంది ప్రధానికి విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. మృతుల విషయంలో ఇది మరీ దారుణం. 2020, 21 సంవత్సరాల్లో భారత్‌లో మామూలు కంటే సుమారు 47 లక్షల మరణాలు ఎక్కువ సంభవించాయని 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే, గణిత నమూనాలతో మా మరణాలు లెక్కిస్తారా అని కేంద్రం అభ్యంతరం చెప్పింది. సరే, అసలు లెక్క ఏదీ? 2021 మరణాల నమోదు నివేదిక బయటికొచ్చింది 2025లో. ఆ ఏడాది నమోదైనవి సుమారు 1.02 కోట్ల మరణాలు, అంతకు ముందు ఏడాది కంటే 21 లక్షలు ఎక్కువ. నమోదు మెరుగుపడటం వల్ల పెరిగిన భాగం ఇందులో కొంత ఉండవచ్చు. ఎంతో తేల్చుకోవడానికైనా నాలుగేళ్లు ఆగాలా?

రేపటి మాట కూడా ఇదే. వానలు, ఉష్ణోగ్రతలు, డెంగీ మరణాలు కలిపి చూసి పుణెలో రెండు నెలల ముందే హెచ్చరించవచ్చని అక్కడి ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చూపారు. ఆ నగరపు ఆరోగ్య గణాంకాలు చేతికందాయి కనుకే అది సాధ్యపడింది. ఏటా వానాకాలం డెంగీతో మంచాలెక్కే మన జిల్లాలకు ఆ అవకాశం ఎందుకు ఉండకూడదు?

జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించి దేశమంతటికీ ఒకే డేటాబేస్ అన్నారు. పేర్లూ చిరునామాలూ తీసేసి, అందులోని మరణాలను జిల్లాలవారీగా, వయసులవారీగా నెలనెలా ప్రకటించాలి. జ్వరాల లెక్కలు వారం వారం రావాలి. ప్రభుత్వం ఏ నమూనాను చూసి నిర్ణయం తీసుకుందో, అందులో అతి మంచి, అతి చెడ్డ అంచనాలు రెండూ ఏమిటో ఆ నిర్ణయంతోపాటే ప్రజల ముందుంచాలి. పడకలూ ఆక్సిజనూ సిద్ధం చేయడం మాత్రం చెడ్డ అంచనాను బట్టే జరగాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఇందుకు ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. తమ జిల్లాల జ్వరాల లెక్కలతో వచ్చే వానాకాలానికి ముందే మొదలుపెట్టవచ్చు.